పెద్దమ్మ కుండలోని నల్ల ఉలవలు

హైదరాబాదు శివారు,
ఆదివారం మధ్యాహ్నం

దమయంతి అప్పకి,

నీ చెల్లెలు తులసి చేతులు జోడించి రాస్తున్నది. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. నువ్వెలా ఉన్నావు? బావకి కాళ్ళ వాపు తగ్గిందా? అత్తయ్యగారి మోకాలు ఎలా ఉంది? చిట్టి లెక్కల్లో మళ్ళీ సున్నా తెచ్చుకుందని విన్నాను. కొట్టకు. ఆ వయసులో నేనూ తెచ్చుకున్నాను, నువ్వే దాచావు.

పలాస ఆసుపత్రిలో బావని రక్తం శుద్ధి చేసే మిషను పక్కన పడుకోబెట్టాక, ఆ నాలుగు గంటలూ బయట బెంచీ మీద ఏం చేస్తావని ఒకసారి అడిగాను. "ఏటి సేత్తాను, గోడకేసి సూత్తాను" అన్నావు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. అక్కడే కూర్చుని నెమ్మదిగా చదువు. మొదటిసారి నువ్వొక్కదానివే చదువు. తరవాత బావకి వినిపించాలో వద్దో నీ ఇష్టం.

మొన్న నువ్వు ఫోను చేసి అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "సోంపేట దాకా వొచ్చి నా మొకం సూడకుండా ఎలిపోనావంటే, నాను సచ్చిపోనాననుకున్నావేటే?" అన్నావు. నేను సిగ్నలు లేదని చెప్పి పెట్టేశాను. సిగ్నలు బాగానే ఉంది అప్పా. నోరే రాలేదు. సోంపేటలో ఆటో ఎక్కుతుంటే మన వీధి లక్ష్మి నన్ను చూసింది, నీకు చెప్పింది. నిజమే, వచ్చాను. ఎందుకు వచ్చానో, నీ దగ్గరికి ఎందుకు రాలేదో, ఫోనులో చెప్పలేక కాగితం తీసుకున్నాను.

ముందు ఇక్కడి సంగతులు చెప్పనీ. అవి చెబితేగాని తక్కినది అర్థం కాదు.

ఇక్కడ చలి వెనకపట్టు పట్టింది. పొద్దుట కాస్త మంచు, పదయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది. చుట్టూ బండరాళ్ళే, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ సంగతి మరిచిపోయి వెళ్ళిపోయినట్టు. వచ్చిన కొత్తలో వాటిని చూస్తే దిగులేసేది. గాలిలో ఉప్పు లేదు. నాలుకతో పెదాలు తడుపుకుంటే ఏ రుచీ తగలకపోవడం వింతగా ఉండేది. ఇంటావిడ మంచిది, జొన్నరొట్టె చేసినప్పుడల్లా నాకొకటి పంపుతుంది. కూరల్లో మాత్రం మన వైపు లాగా కాస్త బెల్లం వెయ్యరు. చేపలు దొరుకుతాయి గాని చెరువు చేపలు, నాకు ఎక్కవు. ఆదివారాలు ఇలా కిటికీ దగ్గర కూర్చుంటే, ఎండ గోడ మీద నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. నేను ఎక్కడున్నానో ఒక్క క్షణం తెలియదు. మన పెరట్లో ఉన్నానేమో, నువ్వు కొబ్బరాకు చీలుస్తున్నావేమో అనిపిస్తుంది. ఒంటరితనం అంటే ఏడుపు కాదప్పా. ఇలా తెలియకుండా వెళ్ళిపోయి మళ్ళీ తిరిగి రావడం.

నా పని ఏమిటని బావ ఎప్పుడూ అడుగుతాడు కదా. లైబ్రరీ కడుతున్నామని చెబితే, "అంత సదువు సదివి పుత్తకాలు సర్దుతన్నావేటి మరదలా?" అని నవ్వాడు. ఈసారి సరిగ్గా చెబుతాను.

ప్రతి మొక్కలో, ఆకులో అయినా వేరులో అయినా, అది బతకడానికి కావలసిన రాత అంతా ఉంటుంది. అదే డి.ఎన్.ఏ. అందులో ఒక్కో పనికి సంబంధించిన ముక్క ఒక్కో జన్యువు. మొక్క ఆ రాతంతా ఒకేసారి చదవదు. ఎండ కాసిన రోజు ఒకటి, పురుగు కుట్టిన రోజు ఒకటి, ఉప్పునీరు తగిలిన రోజు ఇంకొకటి తెరిచి, ఆ ముక్క వరకు చిన్న చీటీ మీద నకలు రాసుకుంటుంది. మేము పట్టుకునేది ఆ చీటీలని. అవి ఎంత సున్నితమంటే మన వేలి చెమట తగిలినా చెరిగిపోతాయి. చేతులకి తొడుగులు వేసుకుని, వేర్లని పొగలు కక్కే చల్లటి ద్రవంలో ముంచి, కల్వంలో పిండిలా నూరి, గబగబా పని చెయ్యాలి. ఆ చీటీలని గట్టిగా నిలిచే డి.ఎన్.ఏ. నకళ్ళుగా మారుస్తాం. ఒక్కో నకలుని ఒక్కో సూక్ష్మజీవి లోపల పెడతాం. అది పెరిగి పిల్లలు పెట్టినప్పుడల్లా నకలు కూడా పెరుగుతుంది. పళ్ళు కుట్టుకునే పుల్ల లాంటి దానితో ఒక్కోదాన్ని తీసి, వందల గుంటలున్న పలకలో గుంటకొకటి చొప్పున దాస్తాం. అలాంటి పలకలు పెట్టెల కొద్దీ, మంచు కట్టే పెద్ద ఫ్రీజరులో వరసగా ఉంటాయి. అదే లైబ్రరీ. కంది, సెనగ, పెసర, వేరుసెనగ అన్నిటికీ మా పంటల పరిశోధన కేంద్రంలో ఉన్నాయి. పనికొచ్చే జన్యువు ఏదన్నా కావాలంటే అందులో వెతుకుతారు.

ఆ పుల్లలతో తీసి పెట్టే పని రోజంతా ఉంటుంది. తెల్లటి చుక్క మీద పుల్ల, పుల్ల గుంటలోకి, మళ్ళీ చుక్క. గదిలో మిషన్ల హోరు తప్ప మాట ఉండదు. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంటే, మనసు మెల్లగా మన ఇసక నేలల మీదికి వెళ్ళిపోయేది. సరుగుడు తోట దాటాక, సముద్రానికి ఇవతల పెద్దమ్మ మడి కనబడేది. ఎవరూ లేరు. గాలి ఉలవ తీగల మీద నడుస్తోంది.

ఎందుకంటే నేను కట్టిన లైబ్రరీ ఆ ఉలవలదే అప్పా. మన గవరమ్మ పెద్దమ్మవే.

పెద్ద తుఫాను ఏడు గుర్తుందా? కొబ్బరి చెట్లన్నీ పడుకున్నాయి. సముద్రం పెద్దమ్మ మడి మీదికి వచ్చి వెళ్ళింది. మన్ను మీద తెల్లగా ఉప్పు పేరింది. ఆ శీతాకాలం చుట్టుపక్కల ఎవరేం చల్లినా మాడిపోయింది. పెద్దమ్మ నల్ల ఉలవ మాత్రం పచ్చగా అల్లుకుంది. మనం అప్పుడు చూసి ఊరుకున్నాం. ఈ ఉద్యోగంలో చేరాక, ఒకరోజు మా పరిశోధన నడిపే డాక్టరు మేడమ్ ఉప్పు నేలల గురించి చెబుతుంటే నాకది గుర్తొచ్చింది. మేడమ్ది గుంటూరు వైపు, నెమ్మదైన మనిషి. నేను చెప్పింది విని, "ఆ విత్తనం కొంచెం తేగలరా?" అంది.

ఆ వేసవిలోనే బావకి మొదటిసారి బాగులేక నేను వచ్చాను కదా. అప్పుడే పెద్దమ్మని అడిగాను. ఇవ్వనంది. "దున్నని సేతికి ఇత్తనం ఇవ్వను. నీకు మడున్నాదేటి? గాజు బుడ్డీల్లో ఎయ్యడానికా?" అంది. మర్నాడు ఆవిడ జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళినప్పుడు నేను మళ్ళీ వెళ్ళాను. తాళం చెవి చూరులో ఎక్కడ ఉంటుందో నువ్వే నాకెప్పుడో చెప్పావు. లోపల బూడిద కలిపిన ఉలవల కుండ ఉంది. దోసెడు తీసుకుని రుమాల్లో కట్టుకున్నాను. కుండ మూత, తాళం, తాళం చెవి ఎలా ఉన్నవి అలా పెట్టేశాను.

అది దొంగతనమే. దోసెడు గింజలే కదా అనుకున్నాను. ఇక్కడ విత్తనం ఎవరిచ్చారో కాగితం మీద రాయాలి. "సోంపేట సంతలో కొన్నది" అని రాశాను.

మొదటి ఏడు ఏదీ సరిగ్గా రాలేదు. ఎంతో కష్టపడి కట్టిన లైబ్రరీ చూస్తే సగానికి సగం గుంటల్లో ఏమీ లేదు, ఉత్త సూక్ష్మజీవులే. పుస్తకాలకి అట్టలున్నాయి, లోపల కాగితాలు లేవు. ఆ రోజు కుండీల దగ్గరికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను. గాజు కప్పు కింద ఉలవ తీగలు ఒకదాన్నొకటి పట్టుకుని పాకుతున్నాయి. మేడమ్ వచ్చి పక్కన నిలబడి, "మళ్ళీ మొదలుపెడదాం. మొక్కలైతే బాగానే ఉన్నాయిగా" అంది. కాసిన కాయలు కోసి, ఎండబెట్టి, మళ్ళీ వేశాను. ఉప్పుకి అవి రాసుకునే చీటీల కోసం మళ్ళీ ఉప్పునీళ్ళు పోశాను. రెండోసారి లైబ్రరీ నిండుగా వచ్చింది.

వెతకడం ఈ మధ్యనే మొదలైంది. రొట్టె పిండిని పొంగించే ఈస్టు ఉంటుంది చూడు, ఆ ఈస్టులో ఒక్కో ఉలవ నకలుని పెట్టి, బాగా ఉప్పు కలిపిన జిగురు పళ్ళేల మీద పరిచాం. ఉత్త ఈస్టు ఆ ఉప్పులో చచ్చిపోతుంది. ఏ నకలు లోపల ఉంటే అది బతుకుతుందో, అదే మాకు కావలసింది. మూడు రోజులు పళ్ళేలు ఖాళీ. నాలుగో రోజు పొద్దున్న మూత తీస్తే, ఒక పళ్ళెంలో తొమ్మిది తెల్ల చుక్కలు. మళ్ళీ పరీక్షిస్తే నాలుగు తేలిపోయాయి, అయిదు నిలిచాయి. నేను ఆ పళ్ళెం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాళ్ళ కింద తడి ఇసక ఉన్నట్టే ఉంది.

మేడమ్ చాలా సంతోషపడింది. ఆ సంతోషంలోనే అడిగింది. "తులసీ, ఇంక ఇది పెద్ద పనవుతుంది. ఈ విత్తనం ఏ రైతుదో తెలుసుకుని వాళ్ళ ఒప్పుకోలు తీసుకోవాలి, వాళ్ళ పేరు రాయాలి. సంతలో ఎవరమ్మారు?"

ఎవరో ఒకరి పేరు చెప్పేయొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఇంకొక అబద్ధం వెయ్యడానికి నాలో చోటు లేదు. "సంతలో కొనలేదండి. మా పెద్దమ్మ ఇంట్లోంచి చెప్పకుండా తెచ్చాను" అన్నాను.

మేడమ్ కేకలెయ్యలేదు. వేస్తే బాగుండేది. "ఆ పెట్టెలకి తాళం వేయిస్తాను. ఆవిడ ఒప్పుకునేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. వద్దంటే అన్నీ తీసేస్తాం. మీరే వెళ్ళి అడగండి, ఉన్నదున్నట్టు చెప్పండి" అంది.

కిందటి వారం శుక్రవారం సాయంత్రం రైలెక్కాను. ఇక్కడి కుండీల్లో నేను పండించిన ఉలవలు ఒక సంచిలో కట్టుకున్నాను. విజయనగరం దాటాక తెల్లవారింది. కిటికీలోంచి వరి కోసిన మళ్ళు, తాటి చెట్లు, మంచులో సగం సగం. టెక్కలి వైపు వచ్చేసరికి జీడిపూత వాసన బోగీలోకి వచ్చింది. అది నిజంగా వచ్చిందో, నేను అనుకున్నానో. పలాసలో దిగి బస్సులో సోంపేట, అక్కణ్ణించి ఆటోలో సముద్రం ఒడ్డుకి వెళ్ళాను.

పెద్దమ్మ గుమ్మం ముందు ఎండిన ఉలవ కట్టెని కర్రతో కొట్టి గింజలు రాలుస్తోంది. నన్ను చూసి, "ఒలమ్మో, తులసేనా? సెప్పా పెట్టకుండా వొచ్చీసినావేటి? మీ బావకి బాగానే ఉన్నాదా?" అని కంగారు పడింది. బాగానే ఉన్నాడన్నాను. సంచి ఆవిడ ముందు పెట్టి, నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. తాళం చెవి, కుండ, రుమాలు, సంతలో కొన్నానని రాసిన కాగితం, అన్నీ చెప్పాను.

పెద్దమ్మ చేతిలో కర్ర కింద పెట్టింది. అలల చప్పుడు వినిపిస్తోంది. తరవాత చాలా చిన్న గొంతుతో అడిగింది.

"అయితే... మీ అప్ప కాదా?"

నాకు మొదట అర్థం కాలేదు.

"ఆ తాళం సెవి ఏడున్నాదో దమయంతికి ఒక్కదానికే తెలుసు" అంది. "ఇత్తనం ఎయ్యడానికి కుండ దించి కొలిత్తే తక్కువొచ్చినాది. ఆ ఏడు మడిలో ఓ మూల ఇత్తనం సాలక అలగే ఉండిపోనాది. దమయంతే తీసినాదనుకున్నాను. అడిగితే ఇద్దును కదా, నా సెల్లి కూతురే నా ఇంట్లో దొంగలా సొరబడినాదే అని..."

అప్పుడు తెలిసిందప్పా. ఏడాది దాటింది, పెద్దమ్మ నీతో మాట్లాడటం లేదని నువ్వు ఫోనులో ఏడ్చినప్పుడల్లా నేను విన్నాను. నువ్వు పంపిన పనసకాయ తిరిగొచ్చిందని చెప్పావు. "నానేటి తప్పు సేసినానో తెల్దే" అన్నావు. పెద్దాళ్ళు అంతే, ఊరుకో అన్నాను. అమ్మ పోయాక మనకి మిగిలిన అమ్మ ఆవిడే. ఆ అమ్మని నీకు దూరం చేసింది నేనే. ఆ రెండు సంగతులూ కలిపి చూసుకోవాలని నాకు తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో నాకే తెలియదు.

పెద్దమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. "మూడుసార్లు వొచ్చినాదే దమయంతి గుంట. నాను లోపలే ఉండి తలుపు తియ్యనేదు" అంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నన్ను తోసెయ్యలేదు, దగ్గరికీ తీసుకోలేదు.

తరవాత ఆవిడే సంచి విప్పింది. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది. "మన ఉలవే. ఎవులు ఏసినారు?" అంది.

"నేనే పెద్దమ్మా. కుండీల్లో వేశాను. నీళ్ళు పోసింది నేనే, కోసింది నేనే."

"నువ్వా?" అని నా చేతులు తిప్పి చూసింది. ఆ చేతులు చూస్తే ఏం కనబడుతుంది అప్పా, తొడుగుల్లో ఉండి పాలిపోయిన చేతులు. అయినా చూసింది.

మేడమ్ ఇచ్చిన ఒప్పుకోలు కాగితం మొత్తం చదివి వినిపించాను. ఇష్టం లేకపోతే వద్దనమన్నాను, వద్దంటే అన్నీ తీసేస్తారని కూడా చెప్పాను. ఆవిడ ఒకటే అడిగింది. "ఉప్పు పట్టిన మడున్నోడు ఎవుడైనా వొచ్చి అడిగితే, ఈ ఇత్తనం మీవోళ్ళు ఇత్తారేటి?" ఇస్తారన్నాను. "అలాగైతే ఆ ముక్క కూడా రాయి" అంది. కింద తెలుగులో రాశాను. వేలిముద్రకి సిరా డబ్బీ తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మీ అమ్మకి నాను అచ్చరాలు నేర్పినాను, నాకు ఏలిముద్దరేటి?" అని, ఒక్కో అక్షరం ఆగి ఆగి, గవరమ్మ అని రాసింది.

వచ్చేస్తుంటే చెప్పాను, ఇప్పుడే అప్ప దగ్గరికి వెళ్ళి చెబుతానని. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "నీ తప్పు నువ్వు సెప్పు. నా తప్పు నాను ఎల్లి సెప్పుకుంటాను. రెండూ కలిపీకు" అంది.

ఆ రోజు శనివారం. నువ్వు బావతో పలాసలో ఉంటావని నాకు తెలుసు. రైలుకి ఇంకా గంటన్నర ఉంది. ఆసుపత్రి వీధికి వచ్చాను అప్పా. గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వు బెంచీ మీద, గోడకి తల ఆనించి నిద్రపోతున్నావు. ఒళ్ళో టిఫిను డబ్బా, దాని మీద రెండు చేతులు. సాయంత్రపు ఎండ నీ మొహం మీద సగం పడింది. ఒక చెంప అచ్చం అమ్మలా ఉంది. నా మొకం సూడకుండా ఎలిపోనావన్నావు. చూశానప్పా, చాలాసేపు చూశాను. లేపి చెబుదామని రెండుసార్లు గేటు మీద చెయ్యి వేశాను. ఎన్నాళ్ళకి పట్టిన నిద్రో అనిపించింది. అది సాకేమో కూడా. ధైర్యం లేక తిరిగి వచ్చేశాను. రైలు కదిలాక టెక్కలి దాకా ఏడ్చాను. ఎదురు సీటులో ఒక ముసలాయన ఏమీ అడక్కుండా తన అరటిపండు ఒకటి నా పక్కన పెట్టాడు.

సంతకం చూసి మేడమ్ పెట్టెల తాళం తీయించింది. వాటి మీద ఇదివరకు ఉత్త నంబరు ఉండేది. ఇప్పుడు గవరమ్మ నల్ల ఉలవ అని రాసి అంటించాం. తప్పు రాసినందుకు నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఇవ్వవలసిందే, తీసుకున్నాను. ఆ అయిదు చుక్కల్లో ఏ జన్యువు ఏం చేస్తుందో తేలడానికి ఏళ్ళు పడుతుంది. ఏమీ తేలకపోనూవచ్చు. ఇది ఇంటింటా కిడ్నీలు పోతున్న మన ఉద్దానంలో నీళ్ళని బాగుచేసేది కాదు, కిడ్నీకి మందు కాదు. బావకి ఆ మాట ముందే చెప్పు, ఊరికే ఆశ పెట్టుకోనివ్వకు. ఉప్పు పేరిన ఏ పేదవాడి మడిలోనో ఎప్పటికైనా నాలుగు గింజలు పండితే అదే చాలు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు, మాట్లాడాలనిపించకపోతే కొన్నాళ్ళు మానెయ్యి. ఫోను మాత్రం నేను రోజూ చేస్తాను, నువ్వు తియ్యకపోయినా. వీలైతే ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు కాసిని ఎండు నెత్తళ్ళ చేపలు, ఒక కొబ్బరి ఈనెల చీపురు పంపు. ఇంత జరిగాక కూడా అడుగుతున్నానంటే, నీ దగ్గర కాక ఇంకెక్కడ అడుగుతాను?

అత్తయ్యగారికి నా దండాలు చెప్పు. బావని కొలిచిన నీళ్ళే తాగమను, మొహమాటపడి ఎవరింట్లోనూ మజ్జిగ పుచ్చుకోవద్దను. చిట్టికి ముద్దులు. నీ కాళ్ళకి దండం పెట్టి, నీ నోటి నుంచి మంచి మాట ఒకటి అడుగుతున్నాను. ఇవ్వాలనిపించినప్పుడే ఇవ్వు.

ఇంకొక్క మాట. ఉలవ కట్టె కొట్టడం అయ్యాక పెద్దమ్మ మీ ఇంటికి వస్తుంది. నాకు తెలిసి, తప్పయిందని ఆవిడ నోటితో అనదు. గుమ్మంలోకి వచ్చీ రాగానే వాకిలి ఊడ్చలేదనో, నువ్వు చిక్కిపోయావనో, చిట్టి జుట్టుకి నూనె లేదనో ఏదో ఒక వంక పెట్టి గట్టిగా అరుస్తుంది. అరవనీ అప్పా. పీట వెయ్యి.

నీ చెల్లెలు,
తులసి